పదిహేనుకూ యాభైకీ నడుమ ఆగిన కార్ల కోసం: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి
శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



పాత కార్ల యజమానులు నలుగురు ఒకచోట చేరితే ఇంజిన్ ఎన్ని సీసీలు, గంటకు ఎంత స్పీడు అన్న మాటలు తొందరగానే అయిపోతాయి. ఆ తర్వాత గంటలకొద్దీ సాగేది ఒకటే కబురు: ఏ కారు ఎక్కడ ఆగిపోయింది, ఎవరెవరు తోశారు, చివరికి ఏం చేస్తే కదిలింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అంత నవ్వు పుట్టించిన కార్లు ఇవాళ మీ శాఖ నిబంధనల్లో రెండు అంకెల మధ్య చిక్కుకుని ఉన్నాయి. వాటికి కొంచెం చోటు అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అంకెలు పదిహేను, యాభై. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు తీరిపోతుంది. అక్కణ్నుంచి ఐదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 అయింది. అటు చివర చూస్తే, 2021 జులైలో మీ శాఖే వింటేజ్ వాహనాలకు మంచి నిబంధన తెచ్చింది. యాభయ్యేళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ల చెల్లుబాటు. ర్యాలీకీ ప్రదర్శనకూ తీసుకెళ్లవచ్చు, రోజూ తిప్పకూడదు. మేమంతా సంతోషించాం. కానీ ఆ నంబరు చేతికి రావాలంటే కారు ముందు యాభయ్యేళ్లు బతికి బట్టకట్టాలి. నడుమనున్న ముప్పై అయిదేళ్లూ దాన్ని దాచుకోవలసిన వస్తువుగా చూసే మాట ఒక్కటీ నిబంధనల్లో లేదు.

ఆ నడుమ ఉన్నవి ఏ కార్లో ఒకసారి చూడండి. ప్రీమియర్ పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే ఆగాయి. అంటే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి చివరగా వచ్చిన అంబాసిడర్‌కు ‘వీఏ’ నంబరు రావాలంటే 2064 దాకా ఆగాలి. బెంగళూరు సిపానీ సంస్థ 1980లలో ఫైబర్ బాడీతో చేసిన చిట్టి డాల్ఫిన్ కారు ఇంకా యాభైకి చేరలేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒక్కటి ఒడ్డున పడింది, దాని తయారీ 1971లోనే ముగిసింది గనక. ఈ దేశంలో మామూలు కుటుంబాలు ఎక్కి తిరిగిన కార్లన్నీ దాదాపు ఇవే. వీటి మీద పుట్టినన్ని కథలు ఇంకే వస్తువు మీదా పుట్టలేదని నా నమ్మకం.

అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయనే మాట వినని వాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరూ ఉండరు. కింద ఆయిల్ చుక్కలు పడుతుంటే మెకానిక్ నిశ్చింతగా ఉంటాడు, పడటం ఆగితేనే ‘లోపల ఆయిల్ అయిపోయినట్టుంది’ అని కంగారు పడతాడు. ముందు సీటు ఒకే పొడుగు బల్లలా ఉండేది కాబట్టి పల్లెటూళ్ల సర్వీసు టాక్సీల్లో డ్రైవర్‌కు ఎడమపక్కన ముగ్గురు, కుడిపక్కన ఒకరు కూర్చునేవాళ్లు. ఆ కుడిపక్కాయన ఒక చేత్తో తలుపు పట్టుకుని వేలాడుతుంటే డ్రైవర్ ఆయన భుజం మీంచి స్టీరింగ్ తిప్పేవాడు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది గనక సరిపోయింది, కిందుంటే ఎవరి మోకాలు ఏదో తెలిసేది కాదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పాతకారు వినేలా ‘దీన్ని అమ్మేస్తాను’ అనకూడదు. అన్న రోజు సాయంత్రమే అది సిగ్నల్ దగ్గర మొరాయిస్తుందని బెజవాడ ఆటోనగర్ షెడ్లలో తలపండిన మేస్త్రీలు సైతం గట్టిగా నమ్ముతారు. అమ్మే బేరం మాట్లాడాలంటే పక్క వీధిలోకి వెళ్లి మాట్లాడే వాళ్లను నేను చూశాను. స్పేర్‌పార్టు ధర షాపులో ఒకటి, ఇంట్లో చెప్పేది ఇంకొకటి అనే సంప్రదాయం సరేసరి. అది కారున్న ప్రతి ఇంట్లోనూ ఉంది, ఇల్లాళ్లకు అసలు ధర తెలుసుననేది కూడా అందరికీ తెలుసు.

ఒక పెళ్లి సంగతి చెప్పనివ్వండి. బెజవాడ, మే నెల, మధ్యాహ్నం ముహూర్తం. మా స్నేహితుడి పాత ఫియట్‌ను పూలదండలతో ముంచెత్తి పెళ్లికొడుకును అందులో ఎక్కించారు. ముందు బ్యాండు, వెనక జనం. బ్యాండు నడకతో సమానంగా కారు పాకుతోంది. ఫియట్ ఓర్చుకోలేనిది సరిగ్గా అదే. పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. బండి మెల్లగా పోతే గాలి తగలదు, ఇంజిన్ వేడి పంపులోకి దిగుతుంది, లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని ఆ పంపు లాగలేదు. మన మెకానిక్కులు దీన్నే ఎయిర్‌లాక్ అంటారు. మండపం ఇంకో రెండు వీధులుందనగా ఫియట్ చిన్నగా దగ్గి ఆగిపోయింది.

అంతే, సలహాలు మొదలయ్యాయి. “చోక్ లాగండి బావగారూ!” “చోక్ లాగితే ప్లగ్గులు తడిసిపోతాయి, ముట్టుకోకండి!” “పాయింట్లు గీకాలి, గరుకు కాగితం ఉందా ఎవరిదగ్గరైనా?” పురోహితుడు గడియారం చూసి “ఇంకా ఇరవై నిమిషాలే ఉందండీ” అన్నారు. అప్పుడు పెళ్లికొడుకు మేనమామ దిగాడు. ఆయన ఒకప్పుడు టాక్సీ నడిపిన మనిషి. ఎవరితోనూ మాట్లాడలేదు. భుజం మీది పట్టు కండువా తీశాడు, పక్కనే ఉన్న సోడాబండి ఐసు నీళ్లలో ముంచాడు, బానెట్ ఎత్తి పంపు చుట్టూ చుట్టాడు. “కొత్త కండువా అన్నయ్యా!” అని పెళ్లికొడుకు తల్లి గోలపెడితే, “కండువా ఇంకోటి కొంటాను, ముహూర్తం కొనలేను, నువ్వుండవే చెల్లెమ్మా” అన్నాడు. అయిదు నిమిషాలు అలా ఉంచి, “ఇప్పుడు తొయ్యండి. ఒరేయ్ అబ్బాయ్, సెకండ్ గేరులో పెట్టు, నేను చెప్పాక క్లచ్ వదులు” అన్నాడు. బ్యాండు వాళ్లు కూడా తోశారు. డోలు వాయించే కుర్రాడు మాత్రం ఒక చేత్తో తోస్తూ రెండో చేత్తో వాయిస్తూనే ఉన్నాడు, పెళ్లిలో వాయిద్యం ఆగకూడదని.

కారు అంటుకుంది. అసలు కథ అప్పుడు మొదలైంది. డ్రైవింగ్‌లో ఉన్న మా స్నేహితుడికి బండి ఆపే ధైర్యం లేదు, ఆపితే మళ్లీ ఆగిపోతుందని భయం. మండపం గుమ్మంలో ముత్తైదువులు హారతి పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫియట్ వాళ్ల ముందునుంచే పోయింది. వెనక సీట్లోంచి పెళ్లికొడుకు నమస్కారం పెట్టాడు. సందు చివర తిప్పుకుని మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈసారి పెళ్లికొడుకు ఆడపెళ్లివారికి చెయ్యి ఊపాడు. మూడోసారి వచ్చేసరికి మేనమామ గుమ్మం దగ్గర కాచుకుని ఉండి, తలుపు లాగి, కుర్రాణ్ని ఉన్నపళంగా కిందికి దింపేశాడు. హారతి అందింది, ముహూర్తం నిలబడింది. ఆ దంపతుల పిల్లలకు ఇప్పుడు పెళ్లీడు వచ్చింది. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా అందరూ అడిగి చెప్పించుకునేది ఈ కథే. ఆ ఫియట్‌ను చూడటానికి ఇంకా చుట్టాలు వస్తుంటారు. దాని వయసు మాత్రం ఇంకా యాభై కాలేదు.

రాజుల కార్లకు ఇలాంటి కష్టం లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని ఆర్డర్ చేసిన ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అది చేరకముందే 1911లో కన్నుమూశారు. అద్దాల వెనక అది భద్రంగా, తళతళలాడుతూ ఉంది, ఉండాలి కూడా. ఇక, లండన్ షోరూంలో తనను చిన్నచూపు చూశారని ఒక రాజుగారు రోల్స్ రాయిస్‌లు కొని వాటితో చెత్త ఎత్తించారనే కథ కార్ల వాళ్ల సభల్లో తప్పకుండా వినబడుతుంది. ఒకరు అల్వార్ రాజంటారు, ఒకరు భరత్‌పూర్ అంటారు, మరొకరు మన నిజామంటారు. ఒకే కథ ఇంతమంది పేర్ల మీద తిరుగుతోందంటేనే అది జనం నోట పుట్టిన కథ అని తెలుస్తోంది. నాకది ఎంతో ఇష్టం. షోరూం గుమస్తా మీద గెలిచిన మనవాడి కథ అది, అందుకే ఏ ఊరి వాళ్లు ఆ ఊరి రాజు పేరు పెట్టుకున్నారు.

నిజంగా జరిగిన కథ దీనికన్నా వింతైనది. 1910లో రాబర్ట్ నికల్ మాథ్యూసన్ అనే ఇంజినీరు కలకత్తా వీధుల్లోకి హంస ఆకారంలో ఉన్న కారును దించాడు. ఇంగ్లండ్‌లోని లోస్టాఫ్ట్‌లో బ్రూక్ కంపెనీ చేత ప్రత్యేకంగా చేయించినది. ముందుభాగమంతా పొడుగు మెడ, తల. రాత్రిళ్లు హంస కళ్లు వెలిగేవి. ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని ముక్కు దాకా తెచ్చారు, డ్రైవర్ తలచుకుంటే హంస నోరు తెరిచి వేడి ఆవిరి చిమ్మేది, దారిలో అడ్డున్న జనం చెదిరిపోయేవాళ్లు. ఎగ్జాస్ట్ గాలితో మోగే గొట్టాల వాయిద్యం ఒకటి. ఏనుగు పేడ టైర్లకు అంటుకుంటే తుడిచేందుకు చక్రాల దగ్గర బ్రష్షులు. అన్నిటికీ మించి, వెనక ఒక కవాటం తిప్పితే రోడ్డు మీద సున్నం నీళ్లు పడేవి, పక్షి రెట్ట వేసినట్టు! కారు బయల్దేరిన మొదటి రోజే వీధుల్లో గగ్గోలు పుట్టింది, పోలీసులు దాన్ని రోడ్డెక్కకుండా నిషేధించారు. తర్వాత అది నాభా మహారాజు దగ్గరికి చేరింది. ఇప్పుడు ఎక్కడుందో తెలుసా మంత్రిగారూ? నెదర్లాండ్స్‌లో, హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో. మన రోడ్ల మీద తిరిగిన అన్ని కార్లలోకీ ఎక్కువ నవ్వించిన కారును చూడాలంటే మన పిల్లలు విమానం ఎక్కాలి. ఇది నన్ను చాలా బాధిస్తుంది.

నవ్వులపాలైన కారును చట్టం కాపాడిన దేశమూ ఉంది. తూర్పు జర్మనీలో త్స్వికావ్ అనే ఊళ్లో 1957 నుంచి 1991 దాకా ట్రబాంట్ అనే చిన్నకారు తయారైంది. రేకు దొరక్క, పత్తి వ్యర్థాలను జిగురుతో కలిపి అచ్చుపోసిన డ్యూరోప్లాస్ట్‌తో దాని బాడీ చేశారు. టూ స్ట్రోక్ ఇంజిన్, 26 హార్స్‌పవర్. డబ్బు కట్టి పదేళ్లకు పైగా ఎదురుచూస్తే కారు వచ్చేది. పెట్రోలు ట్యాంకు ఇంజిన్ పైభాగంలోనే ఉండేది, పెట్రోలు దానంతటదే కిందికి దిగేది, పంపుతో పనే లేదు. మా స్నేహితుడి ఫియట్‌కు పట్టిన గతి దానికి పట్టే అవకాశం లేదన్నమాట! పెట్రోలు ఎంతుందో కొలపుల్ల ముంచి చూసుకునేవాళ్లు. ఆ కారు మీద జర్మన్లు చెప్పుకునే జోకులకు లెక్కలేదు. ట్రబాంట్ విలువ రెట్టింపు కావాలంటే ఏం చేయాలి? ట్యాంకు నింపాలి. వెనక అద్దానికి హీటర్ ఎందుకు పెట్టారు? చలికాలంలో తోసేవాళ్ల చేతులు వెచ్చగా ఉండటానికి. 1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకున్నప్పుడు పశ్చిమానికి పొగ వదులుకుంటూ దాటివచ్చినవి ఈ కార్లే.

జర్మనీలో ముప్పయ్యేళ్లు దాటి, అసలు రూపంలో బాగున్న కారుకు 1997 నుంచి ‘హెచ్’ అక్షరంతో చరిత్రాత్మక వాహనంగా నంబరిస్తున్నారు. నిపుణుడు పరీక్షించి సరేనంటేనే ఇస్తారు. ఆ నంబరున్న కారును కాలుష్య నియంత్రణ మండలాల్లోకి కూడా రానిస్తారు. ట్రబాంట్‌కూ ఆ గౌరవం దక్కింది. అంతర్జాతీయ చారిత్రక వాహనాల సమాఖ్య ఫీవా కూడా ముప్పయ్యేళ్లనే గీతగా పెట్టుకుంది. బ్రిటన్‌లో నలభయ్యేళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. ఆ బ్రిటన్‌లోనే ఒకప్పుడు మోటారు బండి ముందు ఒక మనిషి నడవాలని, ఊళ్లో గంటకు రెండు మైళ్లు దాటకూడదని చట్టం ఉండేది. 1896 నవంబరు 14న ఆ కట్టుబాటు తొలగిన సంతోషంలో లండన్ నుంచి బ్రైటన్‌కు కార్లు నడిపారు. దాని జ్ఞాపకంగా ఇప్పటికీ ప్రతి నవంబరులో 1905కు ముందు తయారైన కార్లు అదే దారిన వెళ్తాయి. బయల్దేరే ముందు ఆ పాత చట్టానికి గుర్తుగా ఒక ఎర్రజెండాను చింపుతారు. దారి పొడుగునా కార్లు ఆగిపోతుంటాయి, గట్టున నిలబడ్డ జనం వచ్చి తోస్తుంటారు. చట్టం మీద కోపాన్ని పండుగగా మార్చుకున్న పద్ధతి అది. మనకూ అలాంటిది ఒకటుంటే బాగుంటుంది.

మన దగ్గర దానికి కావలసిన మనుషులకు కొరత లేదు. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన కన్యబోయిన సుధాకర్ గారు చిన్నప్పటినుంచీ తుక్కు దుకాణాల్లో సామాను ఏరి బండ్లు చేసినవారు. వంకాయ కారు, బర్గర్ కారు, క్రికెట్ బంతి కారు, ఎత్తు మడమ చెప్పు కారు, చివరికి కమోడ్ కారు కూడా చేశారు. ఇవన్నీ రోడ్డు మీద నడిచే బండ్లే. 2005 జులై 1న ఆయన తొక్కి చూపించిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. జూపార్కు చూసి వచ్చే పిల్లలు అక్కడికి వెళ్లి వంకాయ కారు ముందు పడీపడీ నవ్వుతారు. మనం తుక్కు కింద లెక్కగట్టిన ఇనుము ఒక మనిషి చేతిలో పడితే ఏమవుతుందో చూడాలంటే మీరు అక్కడికి ఒక్కసారి వెళ్లాలి.

కాలం చెల్లిన బండ్లను తుక్కు చేయించే మీ శాఖ విధానాన్ని నేను వ్యతిరేకించడం లేదు. పాత బండ్ల పొగ చెడ్డది, వాటి బ్రేకులు ఇప్పటి వేగాలకు చాలవు, చాలా వాటికి సీటు బెల్టులే లేవు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి అంబాసిడర్ వాడనివ్వమని ఎవరం అడగడం లేదు. మీరు 2022లో హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వెళ్లినప్పుడు మా పాత కార్ల వాళ్లమే అందరికన్నా ఎక్కువ ఆసక్తిగా చూశాం, కొత్త ఇంజిన్ ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనే ఆరాటం మాకు ఎక్కువ. మేం అడిగేది చిన్నది. యాభైకి ముందు ముప్పై దగ్గర ఒక మెట్టు కట్టండి. ముప్పయ్యేళ్లు దాటి, అసలు రూపంలో, మంచి స్థితిలో ఉన్న కారుకు ప్రత్యేక నంబరు ఇవ్వండి. సెలవు రోజులకూ ప్రదర్శనలకూ మాత్రమే పరిమితం చేయండి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టినా ఒప్పుకుంటాం. అలా తక్కువ తిరిగే బండికి ఐదేళ్లకోసారి 10,000 కట్టించడం మాత్రం ఆపండి. కొత్తకారు కొనలేక కాదు, నాన్న నడిపిన ఫియట్‌ను వదలలేక ఉంచుకున్న గుమాస్తాలు, టీచర్లు, రిటైరైన వాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఆ రుసుము వాళ్ల మీద పడుతోంది.

ఇంకొకటి. తుక్కు కేంద్రానికి వచ్చిన అరుదైన మోడల్‌ను నలగ్గొట్టే ముందు కొన్నాళ్లు ఆపి, ఫలానా కారు వచ్చిందని ప్రకటించే ఏర్పాటు చేయండి. డాల్ఫిన్ కారు ఒకటి అలా చేతికి వస్తే తుక్కు ధర కన్నా ఎక్కువిచ్చి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. కారు మొత్తం పనికిరాకపోయినా మీటర్లు, కార్బురేటర్లు, తలుపు పిడులు ఇంకో పది కార్లను బతికిస్తాయి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తాళాలు అందించిన మొట్టమొదటి మారుతి 800 సైతం యజమాని పోయాక ఇంటి ముందు ఎండకూ వానకూ శిథిలమైంది. తర్వాత కంపెనీయే తీసుకెళ్లి బాగుచేసి ప్రదర్శనకు పెట్టింది. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది, కనీసం ఒక్క బండినైనా దాచండని టాక్సీవాళ్ల యూనియన్ అంతకు కొన్నేళ్ల ముందే ప్రభుత్వాన్ని వేడుకుంది. దాదాపు అరవై ఏళ్లు ఒక నగరాన్ని మోసిన బండికోసం అలా బతిమాలుకోవలసిన పరిస్థితి రాకూడదు.

1958లో మన దేశంలో రెండు సినిమాలు వచ్చాయి. బెంగాలీలో ఋత్విక్ ఘటక్ తీసిన ‘అజాంత్రిక్’, హిందీలో ‘చల్తీ కా నామ్ గాడీ’. రెండిటిలోనూ పాతకారే ప్రాణం. మొదటిదాంట్లో బిమల్ అనే టాక్సీ డ్రైవర్ తన డొక్కు షెవర్లేకు జగద్దల్ అని పేరు పెట్టుకుని దానితో మాట్లాడుతుంటాడు, ఊరంతా పిచ్చివాడంటుంది. ఆటోనగర్‌లో, రాంకోఠిలో, విశాఖ, తిరుపతి షెడ్లలో ఇవాళ్టికీ బిమల్‌లు ఉన్నారు. చెవి ఆనించి విని వాల్వులో లోపం చెప్పగలిగిన మేస్త్రీలు ఒకరొకరే వెళ్లిపోతున్నారు. వాళ్లు బాగుచేయడానికి కార్లంటూ ఉంటేనే ఆ పనితనం ఇంకో కుర్రాడి చేతికి వస్తుంది.

మీరు హైదరాబాదు వచ్చినప్పుడు ఒక ఆదివారం పొద్దున మాతో గడపమని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాం. అంబాసిడర్ ముందు సీటు మీకే. ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు, అద్దం దించి బయటి పిడి తిప్పాలి, అది మేం చూసుకుంటాం. మే నెల మాత్రం వద్దు. డిసెంబరులోనో జనవరిలోనో పెట్టుకోండి, అప్పుడైతే పంపు వేడెక్కదు, మీ భద్రతా సిబ్బంది తోయాల్సిన అవసరం రాదు.

ఇట్లు,
ఒక పాత ఫియట్ యజమాని,
హైదరాబాదు